ఎవరు మాట్లాడారు, ఎవరిని గురించి మాట్లాడారు: రాజకీయ కుట్రల డాక్యుమెంటరీలలో ప్రాతినిధ్యంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజమహేంద్రవరం, భీమవరం వంటి ఊళ్ళలో పదిమందీ కూడి డాక్యుమెంటరీలు చూసి చర్చించుకునేవారి కోసం, ముఖ్యంగా ప్రదర్శన ముగిశాక అంచనా పత్రం రాయవలసి వచ్చేవారి కోసం ఈ ప్రశ్నోత్తరాలను సిద్ధం చేశాము. ఒక హత్య, ఒక అల్లరి, ఒక కుంభకోణం వెనుక ఎవరి చేయి ఉన్నదని నిలదీసే చిత్రాలకే ఇవి పరిమితం. ప్రకృతి మీదా కళాకారుల మీదా తీసే చిత్రాలకు ఈ కొలతలు పూర్తిగా సరిపోవు.

కుట్ర జరిగిందా లేదా అన్నదే అసలు ప్రశ్న కదా, ఇందులో ప్రాతినిధ్యం ప్రసక్తి ఎందుకు?

కుట్రను గురించిన ఏ కథనానికైనా ఎవరికి ఏమి తెలుసు, ఎవరు ఏమి చూశారు అన్నదే ఇరుసు. తెలిసినవారిలో కొందరిని తెర మీదికి రానివ్వకపోతే వారికి అన్యాయం జరగడంతో పాటు సాక్ష్యం కూడా కుంటుపడుతుంది. అమెరికాలో ప్రత్యర్థి పార్టీ కార్యాలయంలోకి దొంగచాటుగా చొరబడడంతో మొదలైన వాటర్‌గేట్ వ్యవహారాన్నే తీసుకుందాము. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవన సముదాయంలో, తలుపు గడియ పడకుండా అంటించి ఉన్న టేపును చూసి తీసివేసి, మరికొంతసేపటికి అదే చోట మళ్ళీ టేపు కనిపించడంతో అనుమానించి పోలీసులకు ఫోన్ చేసినవాడు ఫ్రాంక్ విల్స్ అనే 24 ఏళ్ళ నల్లజాతి కాపలాదారు. ఆ ఫోన్‌తో మొదలైన వ్యవహారం 1974 ఆగస్టు 9న అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాతో ఒక కొలిక్కి వచ్చింది. విల్స్ మాత్రం పేదరికంలోనే 2000లో కన్నుమూశాడు. ఈ వ్యవహారంపై తీసే చిత్రం విలేఖరులకూ న్యాయవాదులకూ గంటసేపు కేటాయించి, విల్స్‌ను పేరు లేని ‘ఒక గార్డు’గా పది సెకన్లలో దాటవేస్తే, కుట్రలు పత్రికా కార్యాలయాల్లో మాత్రమే బయటపడతాయన్న తప్పుడు అభిప్రాయం ప్రేక్షకుడికి మిగులుతుంది. రాత్రి కాపలా కాసే మనిషి కళ్ళు తెరిచి ఉండడం వల్ల బయటపడ్డాయన్న సంగతి మాసిపోతుంది.

అయితే తెర మీద ఏ వర్గం వారు ఎంతమంది కనిపించారో లెక్కపెడితే సరిపోతుందా?

లెక్కపెట్టడం అవసరమే, కాని అది మొదటి మెట్టు మాత్రమే. కెనెడీ హత్యపై ఏర్పడిన వారెన్ కమిషన్‌లో ఏడుగురు సభ్యులుండగా ఏడుగురూ శ్వేతజాతి పురుషులే. ఈ అంకె చెప్పవలసినదే. అయితే ఆ కమిషన్ ముందుకు 552 మంది సాక్ష్యం వచ్చింది, వారిలో స్త్రీలూ ఉన్నారు, కూలీలూ ఉన్నారు. కాబట్టి ఆ కమిషన్‌పై తీసిన చిత్రంలో ముఖాలు మాత్రమే లెక్కపెడితే వైవిధ్యం బాగానే ఉన్నట్లు కనిపించవచ్చు. చూసినది చెప్పే పని ఒకరికీ, దాని అర్థం నిర్ణయించే పని మరొకరికీ దక్కిందన్న తేడా ఆ లెక్కలో పట్టుబడదు.

అందువల్ల ప్రతి మనిషి ఎదుటా అతని పాత్రను కూడా రాసుకోవలసిందని మా సలహా. అతడు విశ్లేషకుడా, కళ్ళారా చూసిన సాక్షా, నష్టపోయినవాడా, అనుమానితుడా, లేక నేపథ్యంలో కదిలే గుంపులో ఒకడా? మన డెల్టాలో తీసిన చిత్రాల్లో విశ్లేషకుడు హైదరాబాదులోనో ఢిల్లీలోనో పుస్తకాల బీరువా ముందు కూర్చుని ఉంటాడు, సాక్షి కాలవ గట్టు మీద నిలబడి ఉంటాడు. సాక్షి కూడా తన ఊరి రాజకీయాన్ని విశ్లేషించగలడని, చాలాసార్లు మెరుగుగా విశ్లేషించగలడని, లాకుల దగ్గర టీ కొట్టులో అరగంట కూర్చున్న ఎవరికైనా తెలుసు.

పేరూ హోదా తెర కింద పడే తీరును కూడా పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ఒకరికి ‘విశ్రాంత ఆచార్యులు’ అని, మరొకరికి ‘స్థానికుడు’ అని పడితే రెండవవారి వృత్తి ఏమిటో, ఘటనతో అతని సంబంధం ఏమిటో చిత్రబృందం అడగలేదని అర్థం. కౌలు రైతు, కొబ్బరి దింపు కార్మికుడు, పంటు నడిపే వ్యక్తి, అంగన్‌వాడీ కార్యకర్త అన్నవి కూడా హోదాలే. ఆ మనిషి ఆ రోజు అక్కడ ఎందుకు ఉన్నాడో కూడా అవే చెబుతాయి.

గోదావరి యాసలో మాట్లాడేవారిని చూపించే తీరుపై ప్రత్యేకంగా ఏమి గమనించాలి?

ఈ ప్రశ్న మాకు చాలా తరచుగా వస్తుంది, మాకు ఇష్టమైన ప్రశ్న కూడా ఇదే. మన యాసను వినోద చిత్రాలు చాలాకాలంగా హాస్యానికీ అమాయకత్వానికీ గుర్తుగా వాడుకున్నాయి. ఆ అలవాటు డాక్యుమెంటరీలోకి కూడా పాకుతుంది. ‘ఆయ్’ అనీ ‘అండి’ అనీ పలికే వృద్ధుడి మాటలకు వెనుక చిరునవ్వు తెప్పించే సంగీతం వేస్తే, అతడు ఎంత గట్టి సాక్ష్యం చెప్పినా అది ముచ్చటగా మిగిలిపోతుంది. అదే మాట శిష్టభాషలో చెప్పినవారికి గంభీరమైన నిశ్శబ్దం దొరుకుతుంది. రెండు దృశ్యాల నేపథ్య ధ్వనిని పోల్చి చూస్తే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది.

దీనికంటే ప్రమాదకరమైనది మన వెటకారం. మండువా లోగిలి అరుగు మీద కూర్చున్న పెద్దాయనను మంటలు ఎవరు పెట్టారని అడిగితే, ‘ఇంకెవరండి, మంత్రిగారే స్వయంగా వచ్చి అగ్గిపుల్ల గీసి, కాఫీ తాగి మరీ వెళ్ళారండి’ అని సమాధానం చెప్పారనుకుందాము. ఇది ఆరోపణ కాదనీ, అడిగిన ప్రశ్నలోని తెలివితక్కువతనాన్ని ఎత్తిచూపడమనీ కోనసీమలో పుట్టిన చిన్నపిల్లకు కూడా తెలుసు. సబ్‌టైటిల్ మాత్రం దానిని ఉన్నదున్నట్లు వేస్తే, కుట్రను నమ్మని మనిషి కాస్తా దానికి ప్రత్యక్ష సాక్షి అయి కూర్చుంటాడు. కుట్ర ఉన్నదని నిరూపించాలన్న తొందరలో ఉన్న సంపాదకుడికి ఇటువంటి ముక్క దొరకడం ఎంత సులువో ఊహించుకోవచ్చు. కాబట్టి మాట ముగిసిన తరువాత మనిషి ముఖాన్ని మరో రెండు సెకన్లు చూపించారా, కళ్ళలోని నవ్వు కనిపించేలోగానే కోసివేశారా అన్నది గమనించి రాయండి. యాస తెలిసినవారు బృందంలో ఒక్కరైనా ఉన్నారా అన్న ప్రశ్న ఇక్కడ మర్యాద కోసం అడిగేది కాదు, నిజానిజాల కోసం అడిగేది.

కులం పేర్లు చెప్పడం మంచిదా, చెప్పకపోవడం మంచిదా?

ఇది ఒక్క మాటలో తేలే విషయం కాదు. మన కళ్ళ ఎదుట జరిగినదాన్నే ఉదాహరణగా తీసుకుందాము. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లాకు అంబేడ్కర్ పేరు చేరుస్తూ మే నెలలో ప్రాథమిక ప్రకటన వెలువడింది. మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారి, దళితుడైన ఒక మంత్రి ఇల్లూ, మత్స్యకార వర్గానికి చెందిన ఒక శాసనసభ్యుడి ఇల్లూ తగలబడ్డాయి. ఇంటర్నెట్ కొన్ని రోజులపాటు ఆగిపోయింది. ఇదంతా ఎదుటివారి కుట్రేనని రాజకీయ పక్షాలు ఒకదానినొకటి నిందించుకున్నాయి. చివరికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అన్న పేరు ఖరారైంది.

ఈ ఘటనపై చిత్రం తీసేవారు పత్రికల అలవాటు ప్రకారం ‘ఒక వర్గం’, ‘మరొక వర్గం’ అని చెబితే, హాలులో కూర్చున్న మనకు అన్నీ అర్థమవుతాయి, బయటివారికి ఏమీ అర్థం కాదు. అర్థమైన మనం కూడా తెర మీద పలకని మాటను తెర మీద ప్రశ్నించలేము. కుట్ర అన్న మాట ఇక్కడ ఒక సౌకర్యం కూడా అవుతుంది. ఎవరో పై నుంచి దారాలు లాగారని అనుకుంటే, ఒక పేరు పట్ల ఊళ్ళలో అంత వ్యతిరేకత ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను ఎవరూ ఎదుర్కోనవసరం లేదు. అలాగని ప్రతి ముఖం కిందా కులం పేరు వేయడం కూడా పరిష్కారం కాదు. సాధారణంగా జరిగేది ఏమంటే, దళితుడి కిందా వెనుకబడిన కులాల వారి కిందా వారి కులం పడుతుంది, అగ్రకుల విశ్లేషకుడి కింద మాత్రం విశ్వవిద్యాలయం పేరు పడుతుంది. ఒకరు కులం నుంచి మాట్లాడుతున్నట్లూ, మరొకరు కులానికి అతీతమైన ఎత్తు నుంచి మాట్లాడుతున్నట్లూ అది చూపిస్తుంది. వ్యవహారానికి కులం సంబంధించినదైతే అందరి విషయంలోనూ చెప్పాలి, సంబంధించనిదైతే ఎవరి విషయంలోనూ చెప్పనవసరం లేదు. ఈ ఒక్క విషయంలో మా బృందంలో ఏకాభిప్రాయం ఉంది.

ఇంకొక ప్రశ్న కూడా వేసుకోండి. ఆ పేరు కోసం పేటల్లో సంవత్సరాలుగా అడుగుతూ వచ్చినవారి మాట చిత్రంలో ఎన్నవ నిమిషంలో వినిపించింది? మంటల దృశ్యాలు వచ్చిన తరువాతే వినిపిస్తే, వారి కోరికే మంటలకు కారణమన్న క్రమం చూసేవారి మనసులో తెలియకుండానే స్థిరపడుతుంది.

అంతర్వేది రథం దగ్ధం వంటి ఘటనలపై వచ్చే చిత్రాలను ఎలా చూడాలి?

2020 సెప్టెంబరు మొదటి వారంలో ఒక రాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. రాష్ట్రమంతటా ఆందోళనలు జరిగాయి, రాష్ట్ర ప్రభుత్వం సీబీఐ దర్యాప్తు కోరింది, 2021 ఫిబ్రవరి నాటికి కొత్త రథం సిద్ధమైంది. ఇటువంటి ఘటనపై తీసే చిత్రంలో ‘భక్తులు’ అన్న ఒకే ముద్ద, ‘రాజకీయ నాయకులు’ అన్న మరొక ముద్ద ఉండి, మధ్యలో ఊరు ఉండదు. సముద్రం గోదావరిని కలుపుకునే ఆ చోట బతికే మత్స్యకారులకు ఆలయంతో తరతరాల అనుబంధం ఉన్నది. వారి మాట లేకుండా కుట్ర సిద్ధాంతాన్ని పూర్తిగా బయటినుంచి వచ్చిన వక్తలతో నడిపించిన చిత్రానికి మేము ప్రాతినిధ్యంలో తక్కువ అంచనాయే ఇస్తాము. అలాగే ఎవరి మతం మీద వేలు చూపించారో ఆ మతం వారు సమాధానం చెప్పుకునే అవకాశం అదే చిత్రంలో ఉన్నదా అని చూడాలి. చివర ఒక వాక్యంగా ‘వారు స్పందించలేదు’ అని వేయడం అవకాశం ఇచ్చినట్లు కాదు.

అనుమానితులు ఒక వర్గానికి చెందినవారే అయినప్పుడు, ఆ వర్గాన్ని చూపించడం తప్పెలా అవుతుంది?

వ్యక్తులను చూపించడం తప్పు కాదు. వ్యక్తి నుంచి వర్గానికి ఎప్పుడు దూకారన్నది గమనించాలి. రాజీవ్ గాంధీ 1991 మే 21న విశాఖపట్నం నుంచి మద్రాసు చేరి, ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో హత్యకు గురయ్యారు. హత్య చేసిన సంస్థ ఏదో దర్యాప్తులోనూ న్యాయస్థానంలోనూ తేలింది. అయినా అనుమానపు నీడ శ్రీలంక నుంచి వచ్చిన సాధారణ తమిళ శరణార్థుల మీద కూడా చాలాకాలం నిలిచింది. చిత్రంలో శిబిరాల దృశ్యాలు ఏ వ్యాఖ్యానం మీద వచ్చాయో చూడండి. నేరం గురించిన మాటల మీద శిబిరంలో ఆడుకునే పిల్లల దృశ్యం వేస్తే, నోటితో అనని మాటను ఎడిటింగ్ అనేసినట్లే. అదే పేలుడులో మరో 14 మందికి తగ్గకుండా చనిపోయారు. కుట్ర కోణంలో తీసిన చిత్రాల్లో వారి పేర్లు వినిపించడం అరుదు. మృతుల్లో ఎందరికి పేరు దక్కిందన్నది కూడా ప్రాతినిధ్యం లెక్కలోకే వస్తుంది.

ఈ ధోరణి ఎంత దూరం పోగలదో తెలియాలంటే 1903లో రష్యాలో అచ్చయిన, యూదులు ప్రపంచాధిపత్యానికి కుట్ర పన్నారని చెప్పే నకిలీ పత్రాన్ని గుర్తు చేసుకుంటే చాలు. అది నకిలీయేనని 1921లో లండన్‌కు చెందిన టైమ్స్ పత్రిక బయటపెట్టిన తరువాత కూడా దాని ప్రచారం ఆగలేదు.

ప్రమాదాన్ని కుట్రగా చూపినప్పుడు నష్టపోయేది ఎవరు?

భోపాల్ విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి విషవాయువు లీకైన తరువాత, అసంతృప్తితో ఉన్న ఒక కార్మికుడు కావాలని ట్యాంకులోకి నీరు పంపాడని యూనియన్ కార్బైడ్ వాదించింది. భద్రతా వ్యవస్థల వైఫల్యం గురించిన ప్రశ్నలు పక్కకు జరిగి, నేరమంతా ఒక చిన్న ఉద్యోగి తల మీదికి వచ్చింది. కుట్ర సిద్ధాంతం ఎప్పుడూ పెద్దవారినే నిలదీస్తుందన్న భ్రమ వద్దు, అది పై నుంచి కిందికి కూడా ప్రవహిస్తుంది. ఇటువంటి చిత్రంలో సంస్థ తరఫు సాంకేతిక నిపుణుడికి ఎన్ని నిమిషాలు, కార్మికుడికి ఎన్ని నిమిషాలు దక్కాయో గడియారం పెట్టి చూడండి. భోపాల్ బాధితుల పక్షాన దశాబ్దాలు పోరాడిన రషీదా బీ, చంపాదేవి శుక్లాలకు 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించింది. అంత తెలిసినవారిని తెర మీద కన్నీళ్ళకే పరిమితం చేస్తే చిత్రం తన చేతిలోని మంచి సాక్ష్యాన్ని తానే పారవేసుకున్నట్లవుతుంది. నగరంలో 2014 జూన్ 27న గ్యాస్ పైపులైను పేలినప్పటి రోజులు గుర్తున్న మన ప్రాంతం వారికి ఈ విషయం వివరించనవసరం లేదు. (ఈ నగరం కోనసీమలోని ఊరి పేరు, పట్టణం అన్న అర్థంలో వాడిన మాట కాదు. బయటి ఊళ్ళ పాఠకులు ఇక్కడ తరచుగా పొరబడతారు.)

అన్ని వర్గాల వారినీ చక్కగా చూపించిన చిత్రం చెప్పే కుట్ర సిద్ధాంతాన్ని ఎక్కువగా నమ్మవచ్చా?

నమ్మకూడదు. ఈ రెండింటికీ రెండు ఖాతాలు వేరువేరుగా ఉంచండి. కెనెడీ హత్యను మళ్ళీ పరిశీలించిన అమెరికా ప్రతినిధుల సభ సంఘానికి లూయిస్ స్టోక్స్ అనే నల్లజాతి సభ్యుడు అధ్యక్షత వహించాడు. పాత కమిషన్ కంటే ఆ సంఘం వైవిధ్యంలో ఎంతో మెరుగు. 1979లో అది బహుశా కుట్ర జరిగి ఉండవచ్చని తేల్చింది. ఆ నిర్ణయానికి ముఖ్యాధారమైన, పోలీసు రేడియో రికార్డింగు నుంచి తీసిన ధ్వని సాక్ష్యాన్ని 1982లో జాతీయ సైన్సు అకాడమీ నియమించిన నిపుణులు తోసిపుచ్చారు. సంఘంలో ఎవరున్నారన్నది ఒక మంచి విషయం, ఆ రికార్డింగులో ఏమున్నదన్నది వేరే విషయం.

అయితే దీనికి మరో వైపు కూడా ఉంది. అణగారిన వర్గాల అనుమానాన్ని అజ్ఞానమని కొట్టిపారేసే చిత్రాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని అలబామాలో 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ ప్రజారోగ్య విభాగం సుమారు 600 మంది నల్లజాతి పురుషులను పరిశీలనలో ఉంచి, సిఫిలిస్ ఉన్న 399 మందికి పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా చికిత్స అందనివ్వలేదు. ప్రభుత్వం తమపై ప్రయోగాలు చేస్తున్నదని అక్కడ ఎవరైనా అని ఉంటే ఆ మాట అక్షరాలా నిజం. కాబట్టి ఒక వర్గం ఏమి నమ్ముతున్నదో చూపించిన చిత్రం, ఎందుకు నమ్ముతున్నదో దాని చరిత్రతో సహా చూపించిందా అని అడగాలి. నమ్మకానికి కారణం చూపించడం వేరు, ఆ నమ్మకం నిజమని ఒప్పుకోవడం వేరు.

స్త్రీల విషయంలో?

చాలా చిత్రాల్లో పురుషులు వాదిస్తారు, స్త్రీలు ఏడుస్తారు. తెర మీద స్త్రీ చెప్పిన వాక్యాల్లో కనీసం ఒకటైనా ఒక తేదీనో, ఒక పత్రాన్నో, ఒక నిర్ణయాన్నో గురించినది ఉన్నదా అని చూస్తే సగం అంచనా పూర్తవుతుంది.

భయంతో మాట్లాడనివారిని, ముఖం మసక చేసినవారిని లెక్కలో ఎలా వేయాలి?

చిత్రబృందం సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతుంది, మాట్లాడిన మనిషి మాత్రం మరునాడు అదే భూస్వామి చేలోకి, అదే రొయ్యల చెరువు గట్టు మీదికి పనికి వెళ్ళాలి. కాబట్టి మాట్లాడనివారిని చిత్రం లోపంగా వెంటనే రాయకండి. వారు ఎందుకు మాట్లాడలేదో చిత్రం చెప్పిందా అన్నది చూడండి. ముఖం మసక చేసినా లంక పేరు, చెట్టు, ఇంటి రంగు స్పష్టంగా కనిపిస్తే ఆ ఊరివారికి మనిషిని పోల్చుకోవడం ఒక్క నిమిషం పని. ఇది అజాగ్రత్త, దీనిని కటువుగానే రాయండి. పేదవారి ముఖాలు మసక చేసి వారిని నీడలుగా మిగిల్చి, పెద్దవారిని మంచి వెలుతురులో కూర్చోబెట్టిన చిత్రం చూసేవారి విశ్వాసాన్ని ఏ వైపుకు నెడుతుందో కూడా ఆలోచించవలసి ఉంటుంది.

కెమెరా వెనుక ఎవరున్నారన్నది తెలుసుకోవాలా?

వీలైతే తెలుసుకోవాలి, చివరి పేర్ల జాబితా పూర్తయ్యేవరకు లేవకండి. ఊరివారిని వెంటబెట్టుకుని తిప్పిన స్థానిక విలేఖరి పేరు, అనువాదకుడి పేరు అందులో ఉంటే మంచి సూచన. మనవాడు తీశాడు కాబట్టి సరిగ్గానే తీసి ఉంటాడన్న అభిమానాన్ని మాత్రం హాలు బయట చెప్పులతో పాటు వదిలి రావడం మేలు. ఒక గట్టువాడికి ఎదుటి గట్టు గురించి తెలిసినది చాలాసార్లు వదంతే.

అంచనా పత్రంలో మార్కులు వేయాలా?

మేము వేయము. పదికి ఆరు అని రాస్తే ఏ నాలుగు పోయాయో ఎవరికీ తెలియదు. పాత్రల పట్టిక, నిమిషాల లెక్క, ఒకటిన్నర పేజీ వ్యాఖ్య ఉంటే చాలు.

చీకటి హాలులో ఇవన్నీ రాసుకోవడం ఎలా?

మొదటిసారి ఏమీ రాయకుండా చూడండి. రెండవసారి ఇద్దరు కూర్చుని, ఒకరు మాట్లాడేవారి పేరూ పాత్రా చెబుతుంటే మరొకరు నిమిషాలు గుర్తించండి. ఫోన్ వెలుగు వెనుక వరుసవారికి ఇబ్బంది కాబట్టి రెండవ ప్రదర్శనను ఎవరింట్లోనైనా పగటిపూట పెట్టుకోండి. కరెంటు పోయే వేళలు ముందే తెలుసుకుని ఉంచుకోండి.